ఎర్ర గుర్తున్న నంబరు

"ఒక్క నిమిషం ఆగు తల్లీ, అవతలి చెవిలో బ్యాంకు అబ్బాయి ఉన్నాడు," అంది ముసలావిడ.

స్వాలాకి అర్థం కాలేదు. చెవుల మీది హెడ్‌ఫోన్ సరిచేసుకుని, "ఏ చెవిలోనండీ?" అంది.

"కుడి చెవిలో. సెల్‌ఫోన్. నువ్వు ఎడం చెవిలో ఉన్నావు, ఇంటి ఫోన్. ఇద్దరితో ఒకేసారి మాట్లాడ్డం నాకు చేతకాదు గానీ, మోగే ఫోన్ ఎత్తకుండా ఎలా ఉంటాం? ఇంతకీ నువ్వు ఎవరి తాలూకు అమ్మాయివి?"

ఆ ప్రశ్న అడిగాక జవాబు చెప్పకుండా తప్పించుకున్నవాళ్ళు హూసావిక్ అనే ఆ చిన్న రేవు ఊళ్ళో లేరు. "వలలు బాగుచేసే ఐనార్ గారి మనవరాల్నండీ. స్వాలాని."

"ఓహో, ఐనార్ మనవరాలివా! బంగారం లాంటి మనిషి మీ తాత. ఆ నోరొక్కటే కాస్త... సరేలే, పోయినవాళ్ళ గురించి ఎందుకు. నన్ను థోరా అంటారు. చెప్పమ్మా."

స్వాలా కంపెనీ వాళ్ళు నేర్పిన పాఠం అందుకుంది. తోటల గురించీ అల్లికల గురించీ వచ్చే పత్రిక, మొదటి సంచిక ఉచితం, నచ్చకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చు. రోజుకి ఎన్నిసార్లు చదువుతుందో ఆ పాఠం! చదువుతూనే కిటికీలోంచి కిందికి చూస్తుంది. అక్కడ గోడవారగా, చంటిపిల్లల్ని ఆరుబయట చల్లగాలిలో నిద్రపుచ్చే ఆ ఊరి అలవాటు ప్రకారం, పిల్లబండి. అందులో ఎనిమిది నెలల ఊనా, ముక్కు తప్ప అంతా ఉన్నిలో మునిగి నిద్రపోతూ ఉంటుంది. ఊనా తండ్రి పని కోసమని దక్షిణానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. స్వాలా చదువు అంతకు ముందే ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని, కిటికీలోంచి పిల్లని చూసుకుంటూ చేసుకోగలిగిన పని ఆ ఊళ్ళో ఇదొక్కటే దొరికింది. ఇంటి అద్దె, ఊనా పాలు, పొయ్యిలో వేడి, అన్నీ ఈ హెడ్‌ఫోన్ పుణ్యమే.

"ఆగమ్మా, ఆ అబ్బాయి ఏదో అంటున్నాడు," అంది థోరా. ఆ తర్వాత గొంతు కొంచెం దూరం జరిగింది. "లేదు నాయనా, పెట్టెయ్యలేదు, ఇక్కడే ఉన్నా... ఇంకోసారి పిన్ కొట్టాలా? ఇందాక కొట్టాగా... అయ్యో, కోప్పడకు నాయనా. కళ్ళజోడు ఎక్కడో పెట్టాను."

స్వాలా కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది.

"అమ్మమ్మగారూ! ఏమీ కొట్టకండి. అసలు ఆ ఫోన్ పెట్టెయ్యండి."

"పెట్టెయ్యడమా? మాట్లాడుతున్న మనిషి మొహం మీదా?"

"బ్యాంకువాళ్ళు అలా ఫోన్ చేసి పిన్ కొట్టమనరండీ. వాడు దొంగ."

థోరా కిలకిలా నవ్వింది. "దొంగెలా అవుతాడే పిచ్చిపిల్లా! బక్కి పొలం వాళ్ళ పిల్లాడు. అడిగాగా నేను. మా నాన్న మేనత్త ఇంటి వైపు వస్తాడు. మన భాష ఎంత ముచ్చటగా మాట్లాడుతున్నాడో! దొంగలైతే ఇంగ్లీషులో మాట్లాడతారు."

అదీ సంగతి. ఇన్నేళ్ళూ వచ్చిన మోసపు ఫోన్లన్నీ ఇంగ్లీషులో వచ్చేవి, లేకపోతే మర చదివినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. ఊరంతా నవ్వుకుని పెట్టేసేవాళ్ళు. మన మాట తిన్నగా మాట్లాడినవాడు మనవాడే అన్న ధీమా అలా పాతుకుపోయింది. పూర్వీకుల పేర్లు కూడా చెప్పాడంటే ఇక చెప్పేదేముంది, కాఫీ పెట్టి కూర్చోబెట్టే మనుషులు.

"మీ ఇల్లెక్కడండీ?"

"చర్చి వెనక పచ్చ ఇల్లు. ఎందుకూ?"

"కళ్ళజోడు నెమ్మదిగా వెతకండి. బాగా నెమ్మదిగా. నేను వస్తున్నా."

వాన పై నుంచి కాదు, సముద్రం వైపు నుంచి అడ్డంగా కొడుతోంది. స్వాలా కోటు బొత్తాలు పెట్టుకోకుండానే పిల్లబండి తోసుకుంటూ వీధిలో పడింది. పొయ్యి ఆపానా? ఆపాను. తలుపు? పోనీ. ఊనా టోపీ? ఉంది. ఆవిడ కళ్ళజోడు దొరక్కూడదు దేవుడా, ఇంకొంచెం సేపు దొరక్కూడదు. చర్చి దగ్గర ఎత్తు ఎక్కుతుంటే చక్రాలు బురదలో జారాయి. ఇంత చిన్న ఊరు ఇంత పెద్దదిగా ఎప్పుడయిందో తెలియలేదు.

పచ్చ ఇంటికి తాళం లేదు. వంటింట్లో బల్ల ముందు, తెల్లటి జుట్టుతో గువ్వలా ఉన్న ముసలావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది! ఎదురుగా సెల్‌ఫోన్, అందులోంచి తియ్యటి మగ గొంతు. "అంతే బామ్మగారూ, ఆ నాలుగంకెలూ కొట్టేస్తే మీ డబ్బు భద్రం. ఎవరొచ్చి ఏం చెప్పినా నమ్మకండి, వాళ్ళే దొంగలు."

"పెట్టెయ్యండి!" అంది స్వాలా రొప్పుతూ.

థోరా పెదాల మీద వేలుంచి, "ష్" అంది. మరో చేతి వేలు తెర మీద మొదటి అంకె వైపు కదిలింది.

లాక్కుందామా? ముసలావిడ చేతిలో ఫోన్ లాక్కుంటే, వాడన్న దొంగ తనే అవుతుంది. బతిమాలుదామా? వాడి గొంతులో ఉన్న తీపి తన గొంతులో లేదు, ఆయాసం తప్ప. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ ఆ క్షణంలో, గుమ్మం దగ్గర బండిలో ఊనా లేచి కెవ్వుమంది.

స్వాలా ఇంకేమీ ఆలోచించలేదు. పిల్లని ఎత్తుకొచ్చి, తడి దుప్పటితో సహా, థోరా చేతుల్లో పెట్టేసింది.

"అయ్యో, అయ్యో, నా తల్లే, నా చిట్టే!" థోరా చేతులు రెండూ పిల్ల చుట్టూ వాటంతటవే చుట్టుకున్నాయి. "ఎంత తడిసిపోయావే! ఎవరమ్మా ఏడిపించింది? ఎవరు?"

ఫోన్ బల్ల మీద పడి ఉంది. "బామ్మగారూ! అంకెలు! అంకెలు కొట్టండి!" గొంతులో తీపి పోయి చేదొచ్చింది. స్వాలా దాన్ని అందుకుని ఎర్ర బొత్తం నొక్కేసింది.

సరిగ్గా అప్పుడే ఒక పొడుగాటి అబ్బాయి వంటింట్లోకి వచ్చాడు. తడిసిన ఉన్ని స్వెట్టరు, ఆవిరి పట్టిన కళ్ళద్దాలు. వాటిని తీసి తుడుచుకుంటూ, కళ్ళు చిట్లించి, స్వాలా ఉన్న వైపు ఇంచుమించుగా చూశాడు.

"ఎవరు మీరు? మా అమ్మమ్మ ఫోన్ మీ చేతిలో ఎందుకుంది?"

"మీ అమ్మమ్మ చేతిలో మా పాప ఉంది కాబట్టి."

అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పాపని చూశాడు. అమ్మమ్మని చూశాడు. స్వాలాని చూశాడు, కాస్త ఎక్కువ సేపే.

"అమ్మమ్మా, ఏం జరుగుతోంది?"

"ఏమో రా కౌరీ! ఈ పిల్ల ఆ అబ్బాయిని దొంగంటోంది. ఆ అబ్బాయేమో ఈ పిల్లనే దొంగన్నాడు. ఈ చంటిది తప్ప నాకు ఇంకెవరి మీదా నమ్మకం లేదు."

స్వాలా గబగబా చెప్పింది. కౌరి మొహం పాలిపోయింది. అమ్మమ్మ పర్సులోంచి కార్డు తీసి, దాని వెనకున్న నంబరుకి ఫోన్ చేశాడు. బ్యాంకులో ఒకావిడ ఓపిగ్గా విని, చూసి చెప్పింది. మొదటిసారి కొట్టిన పిన్‌తో దొంగ ఖాతా తలుపు తీశాడు. రెండోసారి కొట్టి ఉంటే అందులో ఉన్నదంతా వెళ్ళిపోయేది. ఇప్పుడు మూసేశాం, ఏమీ పోలేదు.

"మీ తాత పడవ అమ్మిన డబ్బు రా," అంది థోరా మెల్లగా. పిల్లని గుండెకి హత్తుకుని అలాగే కూర్చుండిపోయింది. "వాడికి మూడు తరాలు అడిగాను. మూడూ చెప్పాడు. నేనంత తెలివితక్కువదాన్నయ్యానా?"

స్వాలా ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "తెలివితక్కువ కాదు అమ్మమ్మగారూ, మర్యాద ఎక్కువ. వాడు ఆడుకున్నది దానితోనే."

కౌరి ఆ మాట విని స్వాలా వైపు తిరిగాడు. తర్వాత అడిగాడు. "ఇంతకీ మీకెలా తెలిసింది?"

"ఇంటి ఫోన్‌కి కాల్ చేశాను."

"ఎందుకు?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికే ఆ వంటింట్లో ఒక అబద్ధం చేసిన పని కళ్ళ ముందుంది. "పత్రిక చందా అమ్మడానికి," అంది.

"ఫోన్ డైరెక్టరీలో ఆ నంబరు పక్కన ఎర్ర ఇంటూ గుర్తుంది. అమ్మేవాళ్ళెవరూ చెయ్యకూడదని."

"ఉందా?"

"ఉంది. నేనే పెట్టించాను. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరి పేర్ల పక్కనా నేనే పెట్టించాను, గురువారం గురువారం లైబ్రరీలో కూర్చుని."

"ఓ! ఆ లైబ్రరీ ఆయన మీరేనా? మా కంపెనీలో మీ పేరు చెబితే..."

"ఏమంటారు?"

"పాప వింటుంది. చెప్పను." స్వాలా ఫోన్ తెరిచి చూసుకుంది. పేరు పక్కన ఎవరి పని వాళ్ళే రాయించుకునే ఆ డైరెక్టరీలో ఒకరి కింద ఒకరు ఇద్దరు థోరాలు, తండ్రుల పేర్లు కూడా ఒకటే. పైన 'థోరా, దర్జీ'. ఆ పేరు పక్కన ఏ గుర్తూ లేదు. కింద 'థోరా, సముద్రం చూసుకుంటూ ఉంటుంది'. ఆ పేరు పక్కన ఎర్రటి ఇంటూ. ఇందాక నంబరు నొక్కబోయే క్షణంలో కిటికీ కింద ఊనా కదిలినట్టనిపించి అటు చూసింది. చూపు ఇటు తిరిగేసరికి వేలు ఒక వరస కిందికి జారింది. "నాదే పొరపాటు. చూసుకోలేదు."

"ఏ కంపెనీ?" అన్నాడు కౌరి.

స్వాలా లేచి నిలబడింది. చెప్పింది. పిల్లని తీసుకుంది. దుప్పటి చుట్టింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "వేరేవాళ్ళయితే ముందు థాంక్స్ చెప్పి, తర్వాత కంపెనీ పేరు అడుగుతారు," అంది.

అతను నోరు తెరిచేలోపు పిల్లబండి వానలోకి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్న ఈతకొలను దగ్గర, వేడినీళ్ళ తొట్టిలో ఊరి మాటలన్నీ ఉడుకుతున్నాయి. స్వాలా గాజు గోడ అవతల ఊనా నిద్రపోతున్న బండి కనిపించేలా ఒక మూల గొంతు దాకా మునిగి కూర్చుంది. జుట్టంతా ఈత టోపీలో ఉంది. ఎదుటి మూల రిటైరైపోయిన పడవల వాళ్ళు గ్వెండుర్ తాత, స్టైని తాత. ఆవిరి దట్టంగా ఉంది.

ఆ ఆవిరిలోకి కౌరి దిగాడు. కళ్ళద్దాలు లేవు, మూలన ఉన్నదెవరో ఆనలేదు. స్వాలాకి మర్యాదగా తల ఊపాడు, దీపస్తంభానికి ఊపినట్టు.

"ఏరా, అలా ఉన్నావు?" అన్నాడు గ్వెండుర్.

"నిద్ర లేదు తాతా. నిన్న రాత్రే కంప్లయింట్ పంపేశాను."

"పడవ డబ్బు కాపాడిన పిల్ల మీద కంప్లయింటా!"

"పిల్ల మీద కాదు, కంపెనీ మీద. గుర్తున్న నంబరుకి ఎవరు ఫోన్ చేసినా రాస్తానని మీ అందరికీ మాటిచ్చానా లేదా? అమ్మమ్మ నంబరుకి వస్తే మాత్రం ఊరుకుంటే ఎలా? ఆ అమ్మాయి పేరు రాయలేదు. కానీ చేసింది ఎవరో వాళ్ళు కనుక్కోలేరా? ఒడిలో పసిపిల్ల. అది తల్చుకుంటేనే..."

"థాంక్స్ చెప్పావా?" అన్నాడు స్టైని.

"ఏ కంపెనీ అని అడిగాను."

"ఆహా! ఇంత గొప్ప ప్రేమలేఖ నేను జన్మలో వినలేదు."

"ప్రేమేంటి తాతా, మధ్యలో!"

"మరి ఇందాక బట్టలు మార్చుకునే గదిలో ఆ పిల్ల కళ్ళ గురించి చెప్పిందెవరు?"

"కళ్ళ గురించి కాదు, గొంతు గురించి. వానలో తడిసి వణికిపోతూ కూడా, 'మీ అమ్మమ్మ చేతిలో మా పాప ఉంది' అంది చూడు! అక్కడే..." కౌరి ఆగి, మూలనున్న మసక ఆకారం వైపు తిరిగాడు. "మేడమ్, మీరే చెప్పండి. నేను చేసింది తప్పా?"

ముసలాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. స్టైని భుజాలు నీళ్ళల్లో ఊగుతున్నాయి.

"కంపెనీ పేరైనా సరిగ్గా రాశారా?" అంది స్వాలా.

కౌరి చప్పుడు చెయ్యకుండా నీళ్ళలోకి మునిగిపోయాడు. అంతసేపు మునిగి ఉండొచ్చని ఎవరికీ తెలీదు. తేలాక మొహం ఎర్రగా ఉడికిన రొయ్యలా ఉంది.

"థాంక్స్," అన్నాడు. "నిన్ననే చెప్పాల్సింది. మా అమ్మమ్మ పొద్దున లేచి కాఫీ పెట్టుకుంది, పాట పాడుకుంది. మీరు రాకపోయుంటే ఈ పొద్దు ఎలా ఉండేదో తల్చుకోలేను. థాంక్స్."

"నిన్న చెప్పుంటే నిన్నే మర్చిపోయేదాన్ని. ఇవాళ చెప్పారు కాబట్టి కొంచెం టైమ్ పడుతుంది," అంది స్వాలా. కానీ నవ్వు ఆగలేదు.

"మీ ఇద్దరికీ ఏడు తరాల దాకా చుట్టరికం లేదు," అన్నాడు స్టైని ఆకాశం వైపు చూస్తూ. "వంశావళి పుస్తకంలో నేను చూశాలే."

"చూడమని ఎవరన్నారు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. గ్వెండుర్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

*

మేనేజర్ ఎలిన్ దగ్గర్నుంచి ఫోన్ రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఎలిన్ చెడ్డమనిషి కాదు. అదే కష్టం.

"స్వాలా, నేనూ ఇద్దరు పిల్లల తల్లిని. నీ పరిస్థితి నాకు తెలుసు. గుర్తున్న నంబరుకి చేసినవాళ్ళని ఉంచుకోకూడదని పైవాళ్ళ రూలు. ఒక్కటే దారి. ఆ పెద్దావిడ 'నేనే ఫోన్ చెయ్యమన్నాను' అని ఒక్క మాట చెబితే చాలు, కంప్లయింట్ పోతుంది. నీ పని నీకుంటుంది. అడగరాదూ? ఆవిడ కాదనదు."

కాదనదని స్వాలాకీ తెలుసు. పచ్చ ఇంటి వంటింట్లో థోరా వేడి వేడి క్లైనూర్ అప్పచ్చులు నూనెలోంచి తీసి పళ్ళెంలో వేస్తూ స్వాలా చెప్పిందంతా విన్నది. ఊనా ఆవిడ చంకలో ఉంది. ఆ పూట కౌరి కూడా అక్కడే ఉన్నాడు. ఈమధ్య లైబ్రరీ నుంచి ఇంటికి వెళ్ళే దారి రోజూ అమ్మమ్మ వంటింట్లోంచే పోతోంది.

"ఓస్, ఇంతేనా!" అంది థోరా. "నా ఇంటిని నిలబెట్టిన పిల్లవి. నీకోసం ఒక్క మాట చెప్పలేనా? ఫోన్ ఇలా తే."

"అక్కర్లేదు అమ్మమ్మా," అన్నాడు కౌరి. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేనే కంప్లయింట్ వెనక్కి తీసేసుకుంటాను. ఇవాళే."

స్వాలా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఊనా పుట్టాక ఇద్దరు మనుషులు ఇలా తన కోసం పోటీపడటం ఇదే మొదలు. సరే అనేస్తే అయిపోతుంది. వచ్చే నెల అద్దె గుర్తొచ్చింది. పొయ్యిలో వేడి గుర్తొచ్చింది. ఊనా చెంప మీద పంచదార పొడి అంటుకుని ఉంది. అది చూసి గుండె ఇంకా మెత్తబడింది.

సరే అనడానికే నోరు తెరిచింది. "వద్దు" అని వచ్చింది.

"వద్దేంటే?"

"ఆ రోజు ఆ దొంగకి కావాల్సింది కూడా ఇదే కదా అమ్మమ్మా. వాడికి కావాల్సింది మీ చేత కొట్టించడం. ఇవాళ నాకు కావాల్సింది నేను మీ చేత చెప్పిస్తే, నాకూ వాడికీ తేడా ఏముంది? మీ మంచితనంతో వాడూ ఆడుకున్నాడు, నేనూ ఆడుకున్నట్టే."

"నువ్వూ వాడూ ఒకటా!"

"రేపు ఇంకో కంపెనీవాడు ఇంకో ముసలమ్మ దగ్గరికి వెళ్తాడు. 'నేనే చెయ్యమన్నానని చెప్పండి, ఆ పచ్చ ఇంటి థోరా చెప్పిందిగా' అంటాడు." కౌరి వైపు తిరిగింది. "మీరు కూడా వెనక్కి తీసుకోకండి. నా మీద జాలితో ఒక గుర్తు చెరిపితే మిగతా గుర్తులన్నీ చెరిగినట్టే. ఆ గుర్తు ఉండబట్టే కదా వీళ్ళు కాస్త నిమ్మళంగా నిద్రపోతున్నది."

కౌరి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళుగా తను అందరికీ చెప్పే మాటనే ఈ అమ్మాయి చెబుతోంది. తనకి ఆ మాటలు ఉచితంగా వచ్చాయి. ఈ అమ్మాయి వాటికి తన జీతాన్నే వెలగా కడుతోంది.

"మరి పాప?" అంది థోరా చిన్నగా.

"అదే భయం," అంది స్వాలా. కళ్ళు తుడుచుకుని, అక్కడే, వాళ్ళ ముందే ఎలిన్‌కి ఫోన్ చేసింది. "గుర్తు నేనే చూసుకోలేదు. ఆవిడ చెయ్యమనలేదు." అవతల నిట్టూర్పు వినిపించింది. "సరేనమ్మా," అంది ఎలిన్ చివరికి. "హెడ్‌ఫోన్ పోస్టులో పంపెయ్యి."

*

హెడ్‌ఫోన్ వెళ్ళిపోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. స్వాలా చేపల షెడ్డులో అడిగింది, బేకరీలో అడిగింది. పసిపిల్లని వదిలి తెల్లారకముందే ఎలా వస్తావమ్మా అన్నారు. ఊనా తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. అయినా విచిత్రం, రోజూ ఎవరో ఒకరు తలుపు దగ్గర ఏదో పెట్టి వెళ్తున్నారు. ఒకరోజు రుబార్బ్ జామ్ సీసా, ఒకరోజు ఎండుచేపలు, ఒకరోజు చిటికెన వేలంత మేజోళ్ళ జత. ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియక, మొత్తం వీధికే మనసులో చెప్పుకునేది.

ఒక సాయంత్రం వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే, బండిలో పిల్ల అలికిడి వినిపించడానికి పెట్టుకున్న చిన్న మరలోంచి గరగరమని చప్పుడొచ్చింది. తర్వాత మగ గొంతు!

కత్తి పట్టుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద కౌరి. గాలికి తిరగబడ్డ గొడుగుని పిల్లబండికి అడ్డం పట్టి, వంగి ఊనాతో మాట్లాడుతున్నాడు.

"ఊనా గారూ, లేచారా? మీ అమ్మకో మాట చెప్పాలి. ఇవాళ పెద్దవాళ్ళ సంఘం కాఫీ విందులో మా అమ్మమ్మ లేచి నిలబడింది. నన్ను మోసం చేశారు, నేను నమ్మాను అని అందరి ముందూ చెప్పింది. తర్వాత గ్వెండుర్ తాత లేచి, నాకూ జరిగింది అన్నాడు. ఆ గ్వెండుర్ తాతే! ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు. ఇన్నాళ్ళూ సిగ్గుతో సొంత పిల్లలకి కూడా చెప్పుకోలేదట. కొందరు ఏడ్చారు. ఏడ్చి క్లైనూర్ అన్నీ తినేశారు."

ఊనా ఏదో కూసింది.

"అవునండీ. అందుకని ఊరివాళ్ళూ సంఘంవాళ్ళూ కలిసి ఒక నంబరు పెడుతున్నారు. అనుమానం ఫోన్ వస్తే పెట్టేసి ముందు అక్కడికి చెయ్యాలి. ఎత్తడానికి ఒక మనిషి కావాలి, జీతం ఇస్తారు, ఇంట్లోంచే చేసుకోవచ్చు. అందరూ ఒకటే పేరు చెప్పారు. ఇందులో నా సిఫార్సు ఏమీ లేదు. నేనెత్తుతానంటే, నీ గొంతు మొరటు, నువ్వు పుస్తకాలు చూసుకో అన్నారు."

కిటికీ దగ్గర స్వాలా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కత్తి ఎప్పుడు కింద పెట్టిందో తెలియలేదు.

"ఇక నా సంగతి," అన్నాడు కౌరి. గొంతు సవరించుకున్నాడు. "నాకు మీ అమ్మంటే చాలా ఇష్టం. ఆ వంటింట్లో 'వద్దు' అంది చూడండి, ఆ రోజు నుంచి కాదు. అంతకుముందు నుంచే. ఆ రోజు నుంచి ఇష్టంతో పాటు కొంచెం భయం కూడా. మీరన్నా ఇష్టమే. మీరు ఒప్పుకుంటే..."

వీధి తలుపు తెరుచుకుంది. స్వాలా బయటికొచ్చింది.

"దానికి ఏం అర్థమవుతుందని చెబుతున్నారు?"

"మీకు వినిపిస్తుందని తెలుసు," అన్నాడు కౌరి. "ఎదురుగా చెబితే అద్దాలకి ఆవిరి పడుతుంది."

"గాలికి సగం వినిపించలేదు."

"ఎక్కణ్ణుంచి?"

"ఇక నా సంగతి అన్నారే, అక్కణ్ణుంచి."

అతను కళ్ళద్దాలు తీసేశాడు. తుడవలేదు. అలాగే, మసక మసకగా కనిపిస్తున్న ఆమె వైపు చూస్తూ మొత్తం మళ్ళీ చెప్పాడు. ఈసారి ముందు చెప్పినదానికంటే పొడుగ్గా, ఎక్కువ తడబడుతూ. వాన వాళ్ళిద్దరి మధ్యగా అడ్డంగా వెళ్తోంది, పట్టించుకోవడానికి ఎవరికీ తీరిక లేదు.

"అంతా వినిపించింది," అంది స్వాలా. "మొదటిసారే వినిపించింది. ఇంకోసారి వినాలనిపించింది."

"మరి?"

ఆమె చూపు ఊనా వైపు తిరిగింది. ఊనా నాన్న చెప్పిన మాటలు ఎంత బాగుండేవి! అప్పట్నుంచీ మంచి మాటంటేనే వణుకు. ఈ మనిషికి మంచి మాటలు రావు. నిజం చెబితే కోపమొచ్చేలా చెబుతాడు, ఇష్టం చెబితే పసిపిల్లకి చెబుతాడు. ఇలాంటి మనిషిని తన వీధిలోకి పంపించినందుకు ఎవరికి రుణపడాలో, ఆకాశానికో సముద్రానికో, తెలియలేదు.

"కౌరీ," అంది. మొదటిసారి 'గారు' లేకుండా పిలిచింది. "మాంసం చారు పొయ్యి మీదుంది. దుంపలు వేస్తే అయిపోతుంది. ఈలోపు ఊనాని రేవు దాకా ఒక చుట్టు తిప్పుకుని రావాలి. లేకపోతే రాత్రి పడుకోదు."

"సరే, వెళ్ళి రండి. నేను దుంపలు..."

"ఒక్కదాన్నే వెళ్తాననలేదు."

ఊనా పుట్టిన దగ్గర్నుంచీ ఆ బండి పిడి స్వాలా ఎవరి చేతికీ ఇవ్వలేదు. తన తల్లి అడిగినా ఇవ్వలేదు. ఏ చక్రం ఏ రాయి మీద ఎక్కుతుందో, ఏ మలుపులో గాలి ఎటు తోస్తుందో, తనకొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం. ఇప్పుడు వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. పిడి అతని వైపు తిప్పింది.

"తొయ్యి," అంది. "నెమ్మదిగా. వంపు దగ్గర కుడివైపు లాగుతుంది, చూసుకో."

అతను రెండు చేతులతో, వెన్నముద్దని పట్టుకున్నట్టు పట్టుకుని తోశాడు. బండి కదిలింది. ఊనా లేవలేదు, ఏడవలేదు. స్వాలాకి మాత్రం ఖాళీ అయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు. చివరికి ఒకటి తన జేబులో పెట్టుకుంది. రెండోది అతని జేబులో.